పాత భారీ ట్రాక్టరు కొనసాగింపు: నిర్ణయానికి ముందు జరగవలసిన పరిశీలన

వ్యవసాయ యంత్రాల వ్యయ గణనలో ట్రాక్టరు జీవితకాలాన్ని 10 సంవత్సరాలుగా, ఏడాదికి 1000 గంటల చొప్పున మొత్తం 10,000 గంటలుగా, చివరి విలువను కొనుగోలు ధరలో 10 శాతంగా తీసుకోవడం ఆనవాయితీ. తరుగుదలను లెక్కకట్టేందుకు ఏర్పరచుకున్న సౌకర్యం ఇది. తరగతి గదిలో నేర్చుకున్న ఈ అంకె పొలం గట్టుకు చేరేసరికి తీర్పుగా మారుతున్నది. పదేళ్ళు దాటిన బండి అనగానే అమ్మివేయమనే సలహా ఒకవైపు, ఇనుము గట్టిది కాబట్టి ఇంకో పదేళ్ళు ఢోకా లేదనే మెకానిక్ భరోసా మరోవైపు రైతుకు ఎదురవుతున్నాయి. ఈ రెండు మాటల వెనుకా కొలత అన్నది లేదు.

కొలత లేని నిర్ణయానికి మూల్యం చెల్లించేది రైతే. అక్కరలేని చోట కొత్త ట్రాక్టరు కొంటే ఏళ్ళ తరబడి వాయిదాల భారం మోయాలి. పనికిరాని బండిని నమ్ముకుంటే దమ్ము రోజుల్లో గేర్ బాక్సు విప్పి కూర్చోవాలి. రాయలసీమ, పాలమూరు ఎర్రనేలల్లో తొలకరి పదును నిలిచేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో ట్రాక్టరు కదలకపోతే వేరుశనగ విత్తే అదను తప్పుతుంది. ఇక బ్రేకులు సరిగా పట్టని భారీ ట్రాక్టరు వెనుక నిండు ట్రాలీ ఉన్నప్పుడు జరిగే నష్టాన్ని రూపాయల్లో చెప్పలేము. అందువల్ల పాత ట్రాక్టరు మదింపును మెకానిక్ వ్యవహారంగా వదిలివేయకుండా విస్తరణ శాస్త్రంలో భాగంగా చూడవలసిన అవసరం ఎంతైనా ఉంది.

వయసు గురించి చట్టం చెప్పేది

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రవాణేతర వాహనాల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపై తనిఖీ జరిపించి 5 సంవత్సరాల చొప్పున పునరుద్ధరించుకోవచ్చు. వ్యవసాయ ట్రాక్టరును కేంద్ర మోటారు వాహనాల నియమావళి రవాణేతర వాహనంగానే నిర్వచించింది. అంటే 15 ఏళ్ళు నిండగానే యంత్రం పనికిరానిదవుతుందని ఈ నిబంధనలు చెప్పడం లేదు, పరిశీలించి కొనసాగించమంటున్నాయి. శాస్త్రీయ దృష్టి కూడా ఇదే కావాలి.

గంటల మీటరును కూడా గుడ్డిగా నమ్మరాదు. పాత ట్రాక్టర్లలోని యాంత్రిక మీటరు నిజానికి ఇంజిన్ చుట్లను లెక్కిస్తుంది. నిర్ణీత వేగంలో ఇంజిన్ తిరిగినప్పుడు మాత్రమే మీటరు గంట గడియారపు గంటతో సమానమవుతుంది. తక్కువ వేగంలో ఎక్కువసేపు నడిచిన బండి మీటరు తక్కువ గంటలు చూపుతుంది. కేబుల్ తెగి కొన్నేళ్ళు ఆగిపోయిన మీటర్లూ ఉంటాయి. పైగా 6,000 గంటలు మెట్టలో గొర్రు లాగిన బండి, అదే 6,000 గంటలు డెల్టా మాగాణిలో ఇనుప చక్రాలతో దమ్ము చేసిన బండి ఒకటి కావు. రెండవదానిలో బురదనీరు సీళ్ళను దాటి ముందు చక్రాల బేరింగులలోకి, వెనుక ఇరుసు గొట్టాలలోకి, బ్రేకు గూళ్ళలోకి చేరే ప్రమాదం ఎక్కువ. ఇనుప చక్రాల వల్ల ఇరుసులపై, చివరి గేర్లపై పడే బరువూ ఎక్కువే. కాబట్టి ఎన్ని గంటలు నడిచిందన్న ప్రశ్నకు తోడుగా ఏ నేలలో, ఏ పనిలో నడిచిందన్న ప్రశ్న వేయాలి.

ముందు పని, తరువాత యంత్రం

మదింపు ఇంజిన్ దగ్గర మొదలు కావడం సాధారణంగా జరిగే పొరపాటు. అది కమతం దగ్గర మొదలు కావాలి. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టరు ఆ కమతంలో రాబోయే ఐదేళ్ళలో ఏ పనులు చేయాలి, ఏడాదికి ఎన్ని గంటలు చేయాలి, వాటిలో అదను తప్పితే పంట దెబ్బతినే పనులు ఎన్ని అన్నది మొదట రాసుకోవాలి. నల్లరేగడిలో వేసవి లోతుదుక్కి, పెద్ద రోటవేటరుతో దమ్ము, చెరకు రవాణా వంటి పనులకు భారీ యంత్రం కావాలి. అంతరకృషికి, మందుల పిచికారీకి అంత బరువు అవసరం లేదు సరికదా, తేమ నేలలో దాని బరువు హాని చేస్తుంది. వరి మాగాణిలో గట్టిపడిన అడుగుపొర నీటి ఇంకుదలను తగ్గించి వరికి మేలు చేసినా, తరువాత వచ్చే మినుము, మొక్కజొన్న వేళ్ళకు అడ్డుపడుతుంది. పాత బండి బాగుందా అన్న ప్రశ్నకు ముందు, ఇంత బరువైన బండి ఈ నేలకు కావాలా అన్న ప్రశ్న శస్య శాస్త్రవేత్త వేయవలసినది.

భద్రత: దాటితేనే మిగతా పరీక్షలు

రెండవ మెట్టు భద్రత. ఇందులో మార్కుల సగటు తీయరాదు. ఒక్క అంశం తప్పినా అది సరిచేసేదాకా బండిని ఆపాలి. ఎడమ, కుడి బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం పనిచేయాలి. కలిపి తొక్కినప్పుడు రెండు చక్రాలూ సమానంగా పట్టాలి; ఒకవైపే పడితే రోడ్డుపై బండి పక్కకు లాగుతుంది. స్టీరింగు వదులు, ముందు ఇరుసు మధ్య పిన్ను, కింగ్ పిన్నుల అరుగుదల, చక్రాల బోల్టులు, ట్రాలీ తగిలించే కొక్కెం, దాని పిన్ను చూడాలి. పీటీవో షాఫ్టుకు కప్పు ఉండాలి. గేరులో ఉండగా స్టార్టు కాకుండా ఆపే స్విచ్చును కొందరు తప్పించి తీగ కలుపుతారు. అలా చేసిన బండి పక్కన నిలబడి స్టార్టు చేసినవారి మీదికే దూకవచ్చు. బోల్తా పడినప్పుడు నడిపేవారిని కాపాడే చట్రం చాలా పాత బండ్లకు ఉండదు. వాలు నేలల్లో, కాలువ గట్లపై పనిచేసే బండికి ఇది చిన్న లోపం కాదు.

మరమ్మతుకు ముందు సర్వీసు, సర్వీసు తరువాత కొలత

మూసుకుపోయిన గాలి వడపోత, పాతబడిన డీజిల్ ఫిల్టర్లు, సరిగా చిమ్మని ఇంజెక్టర్లు, సరిచేయని వాల్వుల సందు, తక్కువ గాలి ఉన్న టైర్లు ఉన్నప్పుడు మంచి ఇంజిన్ కూడా అరిగిపోయినట్లే కనిపిస్తుంది. ఈ సర్వీసు చేయించకుండా చేసే మదింపు యజమానికి అన్యాయం చేస్తుంది. వేలల్లో తీరే లోపానికి లక్షల్లో వైద్యం చేయించిన సందర్భాలు ఇక్కడే పుడతాయి.

సర్వీసు తరువాత ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూడాలి. ముందే వేడిచేసి చూపిన బండి తన బలహీనతను దాచుకుంటుంది. బరువు లాగేటప్పుడు నల్లపొగ ఆగకుండా వస్తే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదనో, డీజిల్ ఎక్కువగా పడుతున్నదనో అర్థం. నీలిపొగ ఇంజిన్ ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. రింగులు, లైనర్లు, వాల్వు గైడులు చూడాలి. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ తగ్గకపోతే కంప్రెషన్ తగ్గడమో, సిలిండరులోకి నీరు చేరడమో కారణం కావచ్చు. ఆయిల్ గొట్టం మూత తీసినప్పుడు పొగ ఒత్తిడిగా ఎగదన్నితే రింగులను దాటి వాయువు కిందికి వస్తున్నట్లు లెక్క. ఆయిల్ పాలరంగుకు మారడం, రేడియేటరు నీటిలో బుడగలు ఆగకుండా రావడం హెడ్ గాస్కెట్ లోపాన్ని సూచిస్తాయి. ఇంజిన్ బాగా వేడెక్కి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎంత నిలుస్తున్నదో చూడాలి. చల్లగా ఉన్నప్పటి ఒత్తిడిని బట్టి బేరింగుల స్థితిని చెప్పలేము.

లక్షణాలను చూడటం ఒక ఎత్తు, అంకె రాయడం మరో ఎత్తు. పొలంలోనే చేయదగిన మూడు కొలతలు ఉన్నాయి.

మొదటిది ఇంధనం. ట్యాంకు అంచు వరకు నింపి, కొలిచిన విస్తీర్ణాన్ని దున్ని, మళ్ళీ అంచు వరకు నింపడానికి పట్టిన డీజిల్‌ను నమోదు చేయాలి. గంటకు ఎన్ని లీటర్లన్న లెక్క మోసం చేస్తుంది. శక్తి తగ్గి నెమ్మదిగా నడిచే బండి గంటకు తక్కువే తాగవచ్చు. ఒకే నేల, ఒకే పరికరం, ఒకే లోతు పాటించి ఎకరాకు ఎన్ని లీటర్లు పట్టిందో చూడాలి.

రెండవది చక్రం జారుడు. వెనుక చక్రంపై సుద్దగుర్తు పెట్టి, పరికరం ఎత్తి 10 చుట్లకు నడిచిన దూరాన్ని, పరికరం దించి దున్నుతూ 10 చుట్లకు నడిచిన దూరాన్ని కొలవాలి. మొదటిది 42 మీటర్లు, రెండవది 36 మీటర్లు అయితే జారుడు సుమారు 14 శాతం. గట్టి నేలలో 15 శాతం దాటితే టైర్ల అరుగుదలను, బరువు సర్దుబాటును చూడాలి. ఇంజిన్‌ను నిందించిన ఎన్నో సందర్భాల్లో తప్పు టైర్లదై ఉంటుంది.

మూడవది హైడ్రాలిక్ లిఫ్టు. బరువైన పరికరాన్ని పూర్తిగా ఎత్తి, ఇంజిన్ ఆపి, అరగంటలో ఎన్ని సెంటీమీటర్లు దిగిందో రాయాలి. ఈ కొలత తీసేటప్పుడు ఎత్తిన పరికరం కిందికి ఎవరూ వెళ్ళరాదు.

వీటికి తోడు పీటీవో వద్ద డైనమోమీటరు పరీక్ష జరిపితే ఇంజిన్ శక్తి ఎంత మిగిలి ఉన్నదో అంకెల్లో తెలుస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ కొత్త నమూనాల పరీక్షకు పేరుపొందింది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం 1919లోనే ట్రాక్టరు పరీక్షల చట్టం చేసి 1920 నుంచి పరీక్షలు నిర్వహించింది. నాసి ట్రాక్టర్లతో నష్టపోయిన ఒక రైతు శాసనసభ్యుడు కావడం ఆ చట్టానికి దారితీసింది. కొనేవానికి అంకెలు తెలియాలన్నదే అక్కడి మూలసూత్రం. కొత్త బండి కొనేవానికి వర్తించే ఈ సూత్రం, ఉన్న బండిని ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోలేని రైతుకు వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

లెక్క ఏం చెబుతుంది?

వ్యవసాయ యంత్రాల వ్యయ గణనకు ఐ.ఎస్. 9164 ప్రమాణం మార్గదర్శకం. ఆ పద్ధతిలో, ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూడవచ్చు. కొత్త ట్రాక్టరు ధర రూ. 10 లక్షలు, జీవితకాలం 10 ఏళ్ళు, చివరి విలువ రూ. 1 లక్ష, వడ్డీ 10 శాతం అనుకుంటే ఏడాదికి తరుగుదల రూ. 90,000, సగటు పెట్టుబడి రూ. 5.5 లక్షలపై వడ్డీ రూ. 55,000, మొత్తం స్థిర వ్యయం రూ. 1,45,000. పాత ట్రాక్టరును ఇప్పుడు అమ్మితే రూ. 2 లక్షలు వస్తాయని, ఇంజిన్ పూర్తి మరమ్మతుకు రూ. 1.5 లక్షలు అవుతాయని, ఐదేళ్ళ తరువాత రూ. 1 లక్ష మిగులుతుందని అనుకుందాం. తరుగుదల రూ. 50,000, వడ్డీ రూ. 22,500 కలిపి స్థిర వ్యయం ఏడాదికి రూ. 72,500. పాత బండి గంటకు ఒక లీటరు డీజిల్ అదనంగా తాగి, రూ. 50 అదనపు మరమ్మతు కోరితే, లీటరు రూ. 100 చొప్పున గంటకు రూ. 150 ఎక్కువ ఖర్చు.

ఏడాదికి 1000 గంటల పని ఉంటే కొత్త బండికి గంటకు రూ. 145, పాత బండికి రూ. 222.50 పడుతుంది, కొత్తదే మేలు. 400 గంటలే పని ఉంటే కొత్తదానికి రూ. 362.50, పాతదానికి రూ. 331.25, పాతదే మేలు. రెండూ సమానమయ్యే స్థానం సుమారు 483 గంటలు. అయితే దమ్ము రోజుల్లో బండి ఆగిపోయి ఏటా రూ. 15,000 నష్టం వస్తుందని కలిపితే ఆ గీత 383 గంటలకు దిగుతుంది. అదే 400 గంటల రైతుకు కొత్తదే మేలవుతుంది. 150 గంటలే పని ఉన్న కమతంలో పాత బండి స్థిర వ్యయమే గంటకు రూ. 483 దాటుతుంది, అక్కడ రెండింటినీ కాదని అద్దె యంత్రాన్ని పరిశీలించాలి.

ఈ అంకెలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. కొత్త బండికి పదేళ్ళ తరువాత మంచి ధర పలికితే గీత మరికొంత దిగుతుంది. గ్రహించవలసిన సూత్రం మాత్రం మారదు: ఏడాదికి ఎన్ని గంటలు పని, ఎన్ని రోజులు ఆగిపోతుంది అన్న రెండు అంకెలు తెలియకుండా ఏ సలహా ఇచ్చినా అది ఊహే. ఇప్పటివరకు బండి మీద పెట్టిన ఖర్చును ఈ లెక్కలోకి తేకూడదు. గత ఏడాది హాఫ్ ఇంజిన్ పని చేయించాను కాబట్టి ఉంచుకుంటాననే వాదన సహజమైనదే కాని, ఆ డబ్బు ఉంచుకున్నా అమ్మినా తిరిగి రాదు.

విడిభాగాలు, కొత్త సాంకేతికత

ఎంత బాగున్న యంత్రమైనా విడిభాగం దొరకని రోజు ఆగిపోతుంది. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల ఉదాహరణ ఇందుకు తగినది. చెకోస్లొవేకియాకు చెందిన జీటార్ సహకారంతో 1971లో హర్యానాలోని పింజోరులో ఉత్పత్తి ప్రారంభమైంది. దాదాపు 60 అశ్వశక్తి తరగతికి చెందిన 5911 నమూనాకు భారీ పనుల్లో గట్టి పేరుంది. 2016లో ఆ ట్రాక్టరు విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అలాంటి బండి యజమాని ఇతర తయారీదారుల భాగాల మీద, పాత బండ్ల నుంచి విప్పిన భాగాల మీద ఆధారపడాలి. ఫిల్టర్లు, రింగులు, బేరింగులు దొరకవచ్చు; గేర్లు, హైడ్రాలిక్ పంపు, ఇరుసు భాగాలు ఎంత దూరంలో, ఎన్ని రోజుల్లో దొరుకుతాయో మదింపు పత్రంలో రాయకపోతే ఆ మదింపు అసంపూర్ణం.

రెండవ వైపు కూడా చూడాలి. ట్రాక్టర్లకు ఉద్గార ప్రమాణాలు మన దేశంలో 1999లో మొదలయ్యాయి. 50 అశ్వశక్తి దాటిన వాటికి 2023 జనవరి 1 నుంచి నాలుగవ దశ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటికి తగినట్లు వచ్చిన ఇంజిన్లలో చాలావరకు ఎలక్ట్రానిక్ నియంత్రణతో డీజిల్ చిమ్మే విధానం ఉంది. గాలికి, ఇంధన పొదుపుకు అది మేలు. దాన్ని సరిచేయడానికి మాత్రం కంప్యూటరు పరికరం, శుభ్రమైన డీజిల్, శిక్షణ పొందిన చేతులు కావాలి. సర్వీసు కేంద్రం దూరంగా ఉన్న మండలంలో, ఊరి మెకానిక్ విప్పి బిగించగల పాత యాంత్రిక పంపుకు ఇప్పటికీ విలువ ఉంది. పాతదానిపై మమకారంతో చెప్పే మాట కాదిది. అదను రోజున ఏ బండి ఎన్ని గంటల్లో తిరిగి పొలంలో దిగగలదన్న లెక్క.

తేలిక పని అనే భ్రమ

మదింపు పూర్తయ్యాక సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి: భారీ పనిలో కొనసాగించడం, తేలిక పనికి మార్చడం, విరమింపజేయడం. వీటిలో రెండవది అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. దుక్కికి శక్తి చాలని ట్రాక్టరును ట్రాలీకి కట్టి రోడ్డెక్కించడం గ్రామాల్లో అలవాటు. ఇంజిన్‌కు అది తేలిక పని కావచ్చు. బ్రేకులకు, స్టీరింగుకు, కొక్కేనికి అది అన్నిటికన్నా కష్టమైన పని. పొలంలో పరికరం దించితే బండి దానంతటదే ఆగుతుంది. రోడ్డు మీద దిగుడులో సొంత బ్రేకులు లేని నిండు ట్రాలీ ట్రాక్టరును వెనుక నుంచి తోస్తుంది. ఆ ట్రాలీలో ధాన్యపు బస్తాలకు బదులు కూలికి వెళ్ళే మహిళలు కూర్చుంటున్న దృశ్యం తెలుగు నేలపై ఎవరికీ కొత్త కాదు. ట్రాలీలో మనుషులను తరలించడం చట్టసమ్మతం కాదు. అరిగిన బండితో తరలించడం క్షమించరానిది. శక్తి తగ్గిన ట్రాక్టరును ఒకచోట నిలిపి నీటి పంపు, నూర్పిడి యంత్రం వంటి పీటీవో పనులకు వాడవచ్చు. రవాణాకు పంపాలంటే కొత్త బండికి పెట్టే బ్రేకు పరీక్షనే దానికీ పెట్టాలి.

విశ్వవిద్యాలయాల వంతు

బాపట్ల, మడకశిర, సంగారెడ్డి వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు, కృషి విజ్ఞాన కేంద్రాలు కలిసి ఏటా వేసవిలో, దుక్కులు ముగిసి దమ్ములు మొదలు కాకముందు, పాత ట్రాక్టర్ల మదింపు శిబిరాలు నిర్వహించవచ్చు. తేలికగా తరలించగల పీటీవో డైనమోమీటరు ఒకటి, టేపు, కొలపాత్ర, ఆయిల్ ఒత్తిడి గేజి ఉంటే పని మొదలవుతుంది. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో పల్లెకు వెళ్ళే ప్రతి విద్యార్థి ఒక ట్రాక్టరుకు ఒక పేజీ చరిత్ర పత్రం రాయవచ్చు: చేసిన పనులు, ఏడాది గంటలు, ఎకరాకు డీజిల్, చక్రం జారుడు, ఆయిల్ వినియోగం, అదనులో ఆగిన రోజులు, దొరకని విడిభాగాలు. మరుసటి ఏడాది మరో విద్యార్థి అదే పత్రాన్ని కొనసాగిస్తే, ఐదేళ్ళలో మన నేలల్లో మన ట్రాక్టర్లు నిజంగా ఎన్నేళ్ళు పనిచేస్తున్నాయో మన సొంత అంకెలు చేతికి వస్తాయి. అప్పుడు పాఠ్యపుస్తకంలోని 10 సంవత్సరాల అంకె పక్కన ఆ కొలతలను కూడా రాసి బోధించవచ్చు.

అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలు పాటించదగిన నియమం ఒకటుంది. పాత ట్రాక్టరు గురించి సలహా అడిగిన రైతుకు, దాన్ని ఏ సంవత్సరంలో కొన్నాడన్న ప్రశ్న కన్నా ముందు, ఏడాదికి ఎన్ని గంటలు నడుపుతున్నాడో, కిందటి అదనులో ఎన్ని రోజులు ఆగిందో, బ్రేకు రెండు వైపులా సమానంగా పడుతున్నదో లేదో అడగాలి. ఈ మూడింటికి జవాబు దొరకనంత వరకు అమ్మమనీ, ఉంచుకోమనీ చెప్పకుండా, బండిని పొలంలోకి దింపి కొలవమని చెప్పడమే సరైన సలహా.